సుల్తాన్ నాలుగు కాళ్ల ఫోటో

మా కాకినాడలో శరదృతువు పంచాంగంలో ఉంటుంది గానీ బయట కనబడదు. వానలు పోయాయి కదా అని గొడుగు అటక ఎక్కించేసరికి తుఫాను హెచ్చరిక వస్తుంది. దీపావళికి టపాకాయలు కాల్చడం కంటే ముందు వాటిని ఎండబెట్టుకోవడమే మాకు పెద్ద పని. అందుకే స్వరూప ఫోన్ చేసి, "అక్కా, ఈడ పొద్దుగాల సల్లగుంటున్నది, ఎండ మస్తుగున్నది, నీ కెమెరా పట్టుకొని రా, సదర్ చూపిస్త" అనగానే ముందూ వెనకా చూడకుండా సెలవు చీటీ రాసిచ్చేశాను.

స్వరూప మా ఆఫీసులో మూడేళ్లు నా పక్క సీటులో కూర్చున్న పిల్ల. బదిలీ మీద వచ్చి, బదిలీ మీదే సొంతూరు హైదరాబాదు వెళ్లిపోయింది. పాతబస్తీలో ఛత్రినాక వాళ్లది. తాతల నాటి నుంచీ పాడి వాళ్ల వ్యాపారం.

కెమెరా సంగతి కూడా చెప్పాలి. నలభై ఎనిమిదో ఏట నాకు ఫోటోల పిచ్చి పట్టింది. వాడేసిన కెమెరా ఒకటి కొన్నాను. దానికి ఒకటే లెన్సు, జూమ్ లేదు. కానీ ఎదుట ఉన్న వస్తువు స్పష్టంగా, వెనకదంతా వెన్న పూసినట్టు మసకగా తీస్తుంది. మంచి ఫోటో అంటే అదేనని ఫోన్లో వీడియోలన్నీ నాకు నూరిపోశాయి. ఏడాది పాటు మా పెరట్లో పూలన్నీ అలాగే తీశాను. మా ఆయన మాత్రం ప్రతి ఫోటో చూసి, "ఇంతకీ ఈ మందారం మనదా, పక్కింటి వాళ్లదా?" అని అడిగేవారు. కళ అర్థం కాని మనిషని సరిపెట్టుకున్నాను.

మలక్‌పేటలో మూత

దీపావళి మర్నాడు పొద్దున్నే దిగాను. స్వరూప మలక్‌పేటలో ఎదురొచ్చి, సంచీ లాక్కుని, నేరుగా ఇరానీ హోటలుకు తీసుకెళ్లింది. మా ఊళ్లో టీ అంటే గాజు గ్లాసులో నాలుగు గుక్కలు, నిలబడి తాగి వెళ్లిపోవడం. ఇక్కడ ఒక కప్పు చాయ్‌తో అరగంట కూర్చున్నా ఎవరూ లేవమనరు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన సాసరులో పోసుకుని చప్పుడు చేస్తూ తాగుతుంటే నేనూ అలాగే చేసి, చీర కుచ్చిళ్ల మీద పోసుకున్నాను. ఆయన చూసి, తన బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపారు.

బయటకొస్తే తోపుడు బళ్ల నిండా సీతాఫలాలు. మా వైపూ దొరుకుతాయి గానీ ఇన్ని ఒక్కచోట చూడలేదు. లేత ఎండ వాటి మీద పడుతుంటే చేతులు ఆగక కెమెరా తీశాను. బండి దగ్గరున్న ఆవిడ పేరు యాదమ్మట. కొంగు సర్దుకుని, ఒక పండు చేత్తో పట్టుకుని చక్కగా నిలబడింది. నేను కంటికి ఆనించి చూస్తే అంతా చీకటి. బ్యాటరీ అయిపోయిందనుకుని తట్టాను, ఆపి మళ్లీ పెట్టాను, తిట్టుకున్నాను.

"అమ్మా," అంది యాదమ్మ, పోజు చెదరకుండా. "ముందుగల మూత తియ్యి."

లెన్సు మూత తీయలేదు. స్వరూప నవ్వు ఆపుకోలేక బండి వెనక్కి వెళ్లిపోయింది. డజను నూట ఇరవై అని మొదలుపెట్టిన యాదమ్మ వందకు దిగడమే కాక, నన్ను చూసి జాలి పడి ఒకటి ఎక్కువ వేసింది. ఇంతకు ముందు బేరమాడి గెలిచాను గానీ, జాలితో గెలవడం అదే మొదటిసారి.

ఛత్రినాక గోడ

స్వరూప వాళ్ల ఇల్లు సన్నటి గల్లీలో ఉంది. ముందు గది, దాన్ని ఆనుకుని బర్రెల కొట్టం. నాలుగు తొట్లున్నాయి గానీ మూడు ఖాళీ. నాలుగో దాని దగ్గర నల్లగా, నిగనిగలాడుతూ, గది ద్వారమంత వెడల్పున ఒక దున్నపోతు నిలబడి ఉంది. నన్ను ఒకసారి చూసి, మళ్లీ గడ్డిలో పడింది.

"సుల్తాన్," అని పరిచయం చేశారు స్వరూప నాన్న మల్లేశం గారు. తెల్ల మీసాలు, మెడలో తువ్వాలు. ఆ పేరు ఆయన చెప్పిన తీరు చూస్తే నేను నమస్కారం పెట్టాలేమో అనిపించింది.

సదర్ అంటే తెలియని మా వాళ్ల కోసం చెబుతాను. దీపావళి వెళ్లిన రెండో రోజు హైదరాబాదులో పాడి చేసుకునే కుటుంబాలవాళ్లు తమ దున్నపోతులను అలంకరించి, డప్పులతో ఊరేగిస్తారు. మా వైపు సంక్రాంతి కనుమకు ఎద్దులకు చేసే మర్యాద వంటిదే, కాకపోతే ఇక్కడ పెళ్లికొడుకు దున్నపోతు.

ముందు గదిలో గోడ పొడవునా ఫోటోలు. తొమ్మిది దున్నలు, తొమ్మిది ఫ్రేములు. మొదటివి నలుపు తెలుపు, తర్వాతివి రంగులు. అన్నీ ఒకేలాగ ఉన్నాయి. దున్న బస్సులాగా పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది, ముక్కుతాడు పట్టుకుని ఒక మనిషి, వెనక వీధి మొత్తం, కింద మూలన స్టూడియో పేరు. ఇవి ఫోటోలా, గుర్తింపు కార్డులా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు, అంతవరకు నయం. పదో చోట మేకు మాత్రం కొట్టి ఉంది.

"అది సుల్తాన్‌ది," అన్నారు మల్లేశం గారు. "ఉన్నన్ని రోజులు ఫోటో తియ్యం బిడ్డా. దిష్టి తాకుతదని మా తాత పెట్టిన రివాజు. మా ఇంటి నుంచి పోయే ముంగట, ఆఖరి సదర్ నాడు ఒక్కటే ఫోటో తీస్తం."

"అంటే సుల్తాన్‌కు ఇదే ఆఖరిదా, బాబాయ్ గారూ?"

"హౌ. ఈ కొట్టం నలుగురు అన్నదమ్ములది. పంపకాలైనయ్. బర్రెలను పోయిన నెలనే పంపిన. ఎల్లుండి పొద్దుగాల డీసీఎం బండి వస్తది, ఘట్‌కేసర్ అవతల మా మేనల్లుని కాడికి పోతడు వీడు. గీ ఇంట్ల ఇగ దున్న ఉండది."

ఆయన అది మామూలుగానే చెప్పారు. చెబుతూ తువ్వాలుతో ఆ ఖాళీ మేకును తుడిచారు.

వాళ్లకు ఫోటోలు తీసే స్టూడియో మూతపడిందట, ఇప్పుడక్కడ ఫోన్లు బాగుచేస్తున్నారు. ఫోన్లో తీసుకోవచ్చు కదా అన్నాను.

"ఫోన్‌ల తీసింది ఫోన్‌లనే ఉంటది, గోడ మీదికి రాదు," అన్నారు. "నువ్వు పెద్ద కెమెరా తెస్తున్నవని స్వరూప చెప్పింది. నువ్వు తియ్యి బిడ్డా."

నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఏడాదిగా మందారాలు తీసిన చేతికి ఇంత గౌరవం ఎవరిచ్చారు? అలాగే అని మాటిచ్చేశాను. మల్లేశం గారి తల్లి బాలమ్మ గారు మాత్రం, ఎనభై దాటిన మనిషి, మంచం మీంచి నన్ను పైకీ కిందికీ చూసి, "మూత తియ్యలేదంట గదా," అంది. ఆ కబురు మలక్‌పేట నుంచి నాకంటే ముందే ఇంటికి చేరింది.

శాలిబండలో ఖాళీ ఫ్రేము

మర్నాడు పొద్దున స్వరూపా నేనూ షేర్ ఆటోలో శాలిబండ వెళ్లాం. ఆటోలో ఐదుగురం, నా ఒళ్లో ఎవరిదో కొత్తిమీర సంచి. ఆ గల్లీల్లో ప్రతి గుమ్మంలో ఏదో ఒక పని జరుగుతూ ఉంటుంది. ఒకచోట రేకు కొడుతున్నారు, ఒకచోట పరుపులో దూది కూరుతున్నారు. మా ఊళ్లో ఫోటో తీయబోతే ముందు ఎందుకని అడుగుతారు. ఇక్కడ చాయ్ తాగుతావా అని అడుగుతారు. పదింటికల్లా నాలుగు చాయ్‌లయ్యాయి.

అసలు వెళ్లింది గౌస్ భాయ్ దుకాణానికి. సుల్తాన్ ఫోటో కోసం మల్లేశం గారు ఫ్రేము ముందే చేయించారు, చూసి రమ్మన్నారు. మనిషి పట్టేంత సందు, దాని నిండా గోడల మీద ఫ్రేములు. గౌస్ భాయ్ టేకు రంగు ఫ్రేము ఒకటి తీసి, చొక్కా అంచుతో అద్దం తుడిచి చూపించారు. లోపల నాలుగు వైపులా బంగారు రంగు అట్ట బార్డరు ఉంది. మధ్యలో ఏమీ లేదు.

"వాళ్ల తాత దున్నలకు మా అబ్బాజాన్ చేసిండు. వీళ్ల దున్నలకు నేను చేస్తున్న," అన్నారు. "అమ్మా, ఫోటో మీరే తీస్తరా? బార్డర్ కింద అర ఇంచు పోతది చారోఁ తరఫ్, నాలుగు దిక్కుల. జర జాగ ఇడిచి తీయుండ్రి."

తల ఊపాను. నా మనసంతా ఆయన ముఖం మీద పడుతున్న ఏటవాలు ఎండ మీదే ఉంది. ఒక ఫోటో తీసి చూపించాను. కళ్లు, తెల్లబడిన కనుబొమ్మలు అద్భుతంగా వచ్చాయి. వెనకంతా మసక. గౌస్ భాయ్ చాలాసేపు చూశారు.

"మంచిగుంది. నా దుకాన్ ఏది?"

"వెనక మసకగా ఉందే, అదే. అలా తీస్తేనే అందం, భాయ్."

"నలభై ఏండ్ల దుకాన్ అమ్మా," అన్నారు ఆయన, నొచ్చుకున్నట్టుగా కాదు, తెలియజేస్తున్నట్టుగా. నేను మా ఆయనను తలచుకుని నవ్వుకున్నాను. అక్కడైనా బుద్ధి తెచ్చుకుని ఉండాల్సింది.

సదర్ సాయంత్రం

మధ్యాహ్నం నుంచే సుల్తాన్ ముస్తాబు మొదలైంది. ఒంటికి నూనె పట్టించి అద్దంలా చేశారు. కొమ్ములకు రంగు వేశారు, మెడలో గవ్వల పట్టీలు, బంతిపూల దండలు, నుదుటి మీద నెమలి ఈకలు. మల్లేశం గారు ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా స్వయంగా కాలి గిట్టలు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచారు. కనిపించని చోట అంత శ్రమ ఎందుకో అనుకుంటూ నేను కొమ్ములు తీస్తున్నాను.

నాలుగు గంటలకు డప్పులు మొదలయ్యాయి. తీన్మార్ దెబ్బ వినబడితే నా కాళ్లు కూడా నా మాట వినలేదు. గల్లీ మలుపులో సుల్తాన్ దరువుకు ముందు కాళ్లు రెండూ పైకెత్తాడు, జనం విజిళ్లు వేశారు. మల్లేశం గారి ఎడమ చేతిలో ముక్కుతాడు, కుడిచేయి మీసం మీద. ప్రతి దుకాణం ముందూ ఆపి, పూలదండ వేయించుకుని, కదిలారు. ఒక మిఠాయి కొట్టాయన జిలేబీ నా నోట్లో పెట్టేశాడు, రెండు చేతులా కెమెరా పట్టుకున్నాను మరి.

రెండు వందల ఫోటోలు తీశాను. పెద్ద నల్లటి కన్ను, అందులో మెరిసే సాయంత్రం ఎండ. రంగు కొమ్ము మీద ఒక్క బంతి రేకు. ముక్కుతాడు దగ్గర నురగ. ఒక్కొక్కటీ చూసుకుంటుంటే నా మీద నాకే గౌరవం పెరిగింది. అంత మంచి ఫోటోలు నేనెప్పుడూ తీయలేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. మల్లేశం గారు కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నారు. అన్నిటికంటే మంచిదని కన్ను ఫోటో ముందు చూపించాను. తర్వాత కొమ్ము. తర్వాత ముఖం. ఆయన కాసేపు ఒక్కో ఫోటో వెనక ఇంకేదో ఉందేమోనన్నట్టు చూశారు.

"మంచిగున్నయ్ బిడ్డా," అని లేచి కొట్టంలోకి వెళ్లిపోయారు.

బాలమ్మ గారు అంత మర్యాద పాటించే మనిషి కాదు. కెమెరా లాక్కుని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"కాళ్లేవి?"

నాకు అర్థం కాలేదు.

"నాలుగు కాళ్లేవి బిడ్డా? తోకేది? నా కొడుకు చేతుల తాడేది? మూతి తీసినవ్. మూతి చూసి దున్న ఎసుమంటిదో ఎవలన్న చెప్తరా?"

స్వరూప మెల్లగా వివరించింది. పాడి వాళ్లు పశువును కాళ్లలో చూస్తారు. నిలబడే తీరు, వీపు పొడవు, తోక, ఇవి కనబడితేనే అది ఏ పశువో, ఎలా పెంచారో తెలుస్తుంది. తాడు ఎవరి చేతిలో ఉందో కనబడితేనే అది ఎవరిదో తెలుస్తుంది. వెనక గల్లీ కనబడాలి, ఎక్కడ పెరిగిందో తెలియడానికి. "ఎవరన్న ఇంటికి వస్తే బాపు గోడకాడ నిలవెట్టి కాళ్లే చూపిస్తడక్కా."

రెండు వందల ఫోటోలూ తిరగేశాను. నాలుగు కాళ్లూ ఉన్నది ఒక్కటి దొరికింది. దాంట్లో రెండు కాళ్ల ముందు ఆటో ఉంది. ఆ ఇంట్లో తొమ్మిది దున్నలకు దక్కినది పదోదానికి నా మూలంగా దక్కలేదు. ఆ రాత్రి బాలమ్మ గారు జొన్న రొట్టె మీద గోంగూర వేసి పెట్టింది, అది కూడా సగం కంచంలోనే వదిలేశాను. సిగ్గేసింది, అంతే, ఇంకో మాట లేదు.

కొట్టం గుమ్మం దగ్గరకు వెళ్లి, "బాబాయ్ గారూ, రేపు పొద్దున్న బండి వచ్చేలోగా ఒక్కసారి బయట నిలబెడతారా?" అని అడిగాను.

"పూలు తీసేసిన గద. సదర్ అయిపాయె," అన్నారు. తొట్లో గడ్డి వేసి, "నిలవెడ్త," అన్నారు.

గల్లీ చివర

పొద్దున ఆరున్నరకు చలి కొరుకుతోంది. మా ఊళ్లో సంక్రాంతికి కూడా అంత చలి ఉండదు, అది కూడా ఫోటో తీయగలిగితే బాగుండేది. సుల్తాన్‌కు స్నానం చేయించారు. కొమ్ముల మీద రంగు సగం పోయింది. దండల్లేవు, గవ్వల్లేవు. మామూలు దున్నపోతు.

గల్లీలో తీద్దామంటే నా లెన్సుకు సగం దున్నే పట్టింది. వెనక్కి జరిగాను, వీపుకు ఎదురింటి గోడ తగిలింది. జూమ్ లేని లెన్సును అంతగా ఎందుకు పొగిడానా అని అప్పుడనిపించింది. బాలమ్మ గారు తప్ప అందరం గల్లీ చివర ఖాళీ జాగాకు నడిచాం. అప్పటికే డీసీఎం వచ్చి హారను కొడుతోంది.

"భాయ్, జర ఆగు," అన్నారు మల్లేశం గారు, వెనక్కి చూడకుండా.

సుల్తాన్ ఒక్క వైపుకే తిరిగి నిలబడతానన్నాడు. సూర్యుడు నా వెనక. నేను జరుగుతూ జరుగుతూ పోయి, ఒక కాలు పేడలో పెట్టాను. తీయలేదు, అక్కడే ఉంచాను. మసక లేకుండా అన్నీ స్పష్టంగా వచ్చేలా మీట తిప్పి, కొమ్ము కొస నుంచి తోక కొస దాకా చూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గట్టిగా లెక్కపెట్టానట, స్వరూప తర్వాత చెప్పింది. మల్లేశం గారు ఎడమ చేత తాడు పట్టుకుని, కుడిచేయి మీసం దాకా తీసుకెళ్లి, దించేశారు. వెనక గల్లీ, ఎదురింటి వాళ్ల బట్టల తీగ, గుమ్మంలో కుర్చీ వేసుకున్న బాలమ్మ గారు, అన్నీ ఉన్నాయి. నాలుగు ఫోటోల్లో తోక ఊపాడు. ఐదోదానికి ఊపలేదు.

పలకల మీదుగా సుల్తాన్ డీసీఎం ఎక్కాడు, ఒక్కసారి కూడా మొరాయించలేదు. మల్లేశం గారు తాడు బండితో వచ్చిన మేనల్లుడి చేతికి ఇచ్చి, ఇంకేదో సర్దుతున్నట్టు ఆ ముడి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. అప్పుడు కెమెరా నా చేతిలోనే ఉంది. తీయలేదు.

కాకినాడ

ఇంటికి వచ్చాక వాన పడుతోంది. కంప్యూటర్లో పెద్దది చేసి చూసుకున్నాను. నాలుగు కాళ్లున్నాయి, తోక ఉంది, తాడు ఉంది. వాటితో పాటు నేల మీద ఫోటో అడుగు నుంచి సుల్తాన్ ముందు గిట్టల దాకా పొడుగ్గా పాకిన ఒక నీడ ఉంది. మెడ ఒంచి, భుజాన సంచి, ముడి ఊడిపోతున్న జుట్టు. కార్తీకపు పొద్దుటి ఎండ ఇంత పొడుగు నీడ వేస్తుందని వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. తీసేవాడి నీడ పడకూడదన్నది మాత్రం మొదటి పాఠంలోనే చెప్పారు. మా ఆయన చూసి, "ఈసారి ఎవరిదో తెలుస్తోంది," అన్నారు.

ఫోటో స్వరూప ఫోనుకు పంపి, మల్లేశం గారితో మాట్లాడాను. నీడ పడింది క్షమించండి, ఇక్కడ కంప్యూటర్ సెంటర్లో అడిగాను, ఆనవాలు లేకుండా చెరిపేస్తారు, రెండు రోజుల్లో మళ్లీ పంపుతాను అని గడగడా చెప్పేశాను. అటు పక్కన బాలమ్మ గారు "నాలుగున్నయారా?" అని అడగడం, ఆయన "ఉన్నయే" అనడం వినిపించాయి.

"ఆ సంచి నీదే గదా బిడ్డా?" అన్నారు చివరికి.

"నాదే, బాబాయ్ గారూ."

"చెరిపెయ్యకు. స్టూడియోవోళ్లు మూలకు పేరేసుకుంటుండిరి. సుల్తాన్‌ది ఎవరు తీసిండ్రో కూడ గోడ మీద ఉండాలె."

వారం తర్వాత స్వరూప గోడ ఫోటో పంపింది. పదో మేకుకు గౌస్ భాయ్ ఫ్రేము వేలాడుతోంది. పెద్దది చేసి చూశాను. మూడు వైపులా బంగారు రంగు బార్డరు ఉంది. కింద మాత్రం నా నీడ ఫోటో అంచు నుంచీ మొత్తం కనబడేలా గౌస్ భాయ్ ఆ అట్టను కోసేశారు.